శొంఠి ఎక్కువ వేసిన ఆపిల్ కేకు

ఒషావా,
8 సెప్టెంబర్ 2022.

జ్ఞానవతి అత్తయ్యకి మీ మేనకోడలు ఫెయిత్ వందనాలు.

ఫోన్ చేస్తే నా మాట మీకు వినపడదు. వినపడలేదని మీరు ఒప్పుకోరు. నేను "అన్నం తిన్నారా" అంటే మీరు "ఆఁ, నిన్ననే వచ్చి వెళ్ళాడు" అంటారు. అందుకే మీరు చెప్పినట్టు ఉత్తరమే రాస్తున్నాను. ఇక్కడ పోస్టాఫీసు మందుల షాపు వెనకవైపు ఒక మూల ఉంది. స్టాంపు ఇచ్చిన అమ్మాయి ఇండియాకి చేత్తో రాసిన ఉత్తరమా అని రెండుసార్లు అడిగింది.

ముందు ఒక సంగతి. నాన్నకి చెప్పకండి. కన్సల్టెన్సీ వాళ్ళు చూసిపెట్టామన్న గది అసలు లేదు. ఆ అడ్రసుకి వెళ్తే తలుపు తీసిన అమ్మాయి "మేమే ఒకరి కాళ్ళ దగ్గర ఒకరం పడుకుంటున్నాం, నిన్నెక్కడ పెట్టుకుంటాం?" అంది. పాపం తనూ స్టూడెంటే. రెండు పెట్టెలూ ఈడ్చుకుంటూ బస్‌స్టాప్‌కి వచ్చి నిలబడ్డాను. వాన మొదలైంది. సరిగ్గా అప్పుడే నాన్న ఫోన్. "రూమ్ చాలా బాగుంది నాన్నా, కిటికీలోంచి చెట్లు కనిపిస్తున్నాయి" అని చెప్తుంటే వెనకనుంచి తెలుగులో ఎవరో అన్నారు: "ఎక్కడ బాగుందమ్మా, పెట్టెలతో వానలో నిలబడి?"

ఆవిడ పేరు చాముండేశ్వరి గారు. సరుకుల సంచులతో కారెక్కబోతూ ఆగారు. "ఈ పూటకి మా ఇంటికి రా, రేపు చూద్దాం" అన్నారు. ఆ రేపు ఇంకా రాలేదు అత్తయ్యా. వాళ్ళ బేస్‌మెంట్‌లో గది ఇప్పుడు నాదే. హైదరాబాద్ వాళ్ళు. చాలా ఏళ్ళు డాలస్‌లో ఉండి ఇక్కడికొచ్చారు. కోదండరామ్ అంకుల్‌ది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కొన్ని రోజులు కిచెనర్ అనే ఊళ్ళో ఆఫీసుకి డ్రైవ్ చేస్తారు, మిగతా రోజులు ఇంట్లోంచే పని. పెరట్లో ఒక ఆపిల్ చెట్టుంది. చిన్న చిన్న కాయలు, పుల్లగా ఉంటాయి. మన బజారులో స్టిక్కర్లు అంటించి అమ్మేవాటికీ వీటికీ పోలికే లేదు.

ఇద్దరూ శాకాహారులు. గుడ్డు కూడా తినరు. అది తెలిసీ ఒక పాడు పని చేశాను. మీరు కట్టిచ్చిన ఎండు మెత్తళ్ళు పెట్టెలోంచి పిలుస్తుంటే ఆగలేక, ఆంటీ కారు లేని సమయం చూసి కింద నా చిన్న పొయ్యి మీద వేయించాను. ఇల్లంతా ఎండుచేపల వాసన. సగం వేగాయో లేదో ఆంటీ వచ్చేశారు. మెట్ల మీద నిలబడి "భోంచేశావా అమ్మా?" అని అడిగి వెళ్ళిపోయారు. ముక్కు కూడా చిట్లించలేదు. కాసేపటికి పైన ఎవరో కిటికీ తెరిచిన చప్పుడైంది. అంతే. ఇలాంటి మనిషి నాకు ఎదురుపడిందంటే మీ ప్రార్థనలే.

ఒక్కటే మనసులో గుచ్చుకుంటోంది. మొదటి ఆదివారం వాళ్ళకోసం సేమ్యా పాయసం చేసి తీసుకెళ్ళాను. ఆంటీ గిన్నె అందుకుని "తర్వాత తింటానమ్మా" అని ఫ్రిజ్‌లో పెట్టారు. అంకుల్ తన వాటా తాగేశారు. ఆంటీ గిన్నె మాత్రం ఇంకా అక్కడే ఉంది. తర్వాత పులిహోర ఇచ్చాను. అదీ "తర్వాతే". నా వంట మీద ఆవిడకి అంత నమ్మకం లేదేమో లెండి.

మీ మోకాళ్ళకి నూనె రాసుకోండి. రాసుకున్నానని అబద్ధం చెప్పకండి.

మీ,
ఫెయిత్.


నర్సాపురం,
25 సెప్టెంబర్ 2022.

ఒసే ఫెయితూ,

ఇక్కడ మోకాళ్ళు, చెవులు తప్ప తక్కినవన్నీ ప్రభువు బాగానే నడిపిస్తున్నాడు. నీ ఉత్తరం పోస్టుమాన్ తెచ్చి మూడిళ్ళకి వినపడేలా అరిచి ఇచ్చాడట. నాకు మాత్రం అతని నోరు కదలడమే కనపడింది.

నిన్ను వానలోంచి ఇంట్లోకి తీసుకెళ్ళిన ఆవిడకి నేను చేతులెత్తి దండం పెడుతున్నాను. ఆ మాట ముందు రాసి, తర్వాతది రాస్తున్నాను. కోపగించుకోకు.

"తర్వాత తింటాను" అంటే తిననని అర్థం. నీకు తెలియదు గానీ నాకు బాగా తెలుసు. నేను మిషన్ ఆసుపత్రిలో నర్సుగా ఉన్నన్నాళ్ళూ ప్రతి క్రిస్మస్‌కీ మా డాక్టరుగారి భార్యకి కేకు పట్టుకెళ్ళేదాన్ని. ఆవిడా నవ్వుతూ అందుకుని "తర్వాత తింటాం సిస్టర్" అనేది. ఒక ఏడాది గొడుగు మరిచిపోయానని వెనక్కి వెళ్తే, నా కేకు అలాగే కాగితంతో సహా తోటమాలి చేతిలో ఉంది. ఇంకోసారి మేం మధ్యాహ్నం క్యారియర్లు విప్పుకుంటుంటే ఆవిడ ఆ వైపు నుంచి పోతూ "ఛీ" అంది. మెల్లగానే అంది. నా చెవులు పనిచేసే రోజులు మరి. ఆ ఒక్క మాట ఇప్పటికీ వినపడుతూనే ఉంటుంది.

మీ అంకుల్ పాయసం తాగాడన్నావు. మగవాళ్ళకి ఆకలైతే అన్నీ దిగుతాయి. ఇంటి ఇల్లాలు తింటేనే తిన్నట్టు. ఇక మెత్తళ్ళ సంగతి. అంత వాసనకి నోరు మెదపలేదంటే ఆవిడ దేవత అయినా అయ్యుండాలి, మనసులో పెట్టుకుని సమయం కోసం చూస్తూనైనా ఉండాలి. దేవత అయితే మంచిదే. కానీ నువ్వు మళ్ళీ మళ్ళీ గిన్నెలు పట్టుకుని ఆ మెట్లెక్కకు. గది ఇచ్చింది, కృతజ్ఞతగా ఉండు, గది శుభ్రంగా ఉంచు. ఆవిడ నీ చేతిది తినాలని మాత్రం ఆశపెట్టుకోకు. ఆ ఆశ చాలా నొప్పి పెడుతుంది తల్లీ.

కోతకాలపు పండుగకి మన గుళ్ళో గుమ్మడికాయలూ అరటిగెలలూ తెచ్చి పెట్టారు. నీ పేరు మీద నేను దోసెడు కొత్త బియ్యం పెట్టాను.

స్వెట్టరు రెండు వేసుకో.

అత్తయ్య.


ఒషావా,
11 అక్టోబర్ 2022.

అత్తయ్యా,

మీ ఉత్తరం శనివారం వచ్చింది. వచ్చే ముందు రోజే నేను పెద్ద ప్లాన్ వేసి కూర్చున్నాను.

ఇక్కడ ఈ నెలలో థాంక్స్‌గివింగ్ అని పండుగ. మన కోతకాలపు పండుగ లాంటిదే, గుమ్మడికాయలతో సహా. చెట్టు కింద ఆపిల్స్ రాలి పడుతున్నాయి. "ఎన్ని కావాలంటే అన్ని కోసుకో, ఉడతలు తింటున్నాయి" అన్నారు ఆంటీ. గరాజ్‌లో బుట్టల నిండా పెట్టాను. ఈ కాలంలో ఇక్కడ ప్రతి ఇంట్లో ఆపిల్ కేకు చేస్తారట. దాల్చినచెక్క, లవంగం, జాజికాయ, శొంఠి వేస్తారు. చూస్తే మీ క్రిస్మస్ కేకు సామానే. గుడ్డు బదులు పెరుగూ వంటసోడా వేస్తే ఆంటీ కూడా తినొచ్చు. సగం ఆపిల్ తురిమి, సగం ముక్కలు చేసి వేయాలని అన్నీ సిద్ధం చేసుకున్నాను. వానలోంచి తీసుకొచ్చిన మనిషికి నా చేత్తో ఒక్క ముక్క పెట్టాలని తప్ప ఇంకేం లేదు.

మీ ఉత్తరం చదివాక చేయాలా వద్దా అని చాలాసేపు కూర్చున్నాను. మీరు గొడుగు కోసం వెనక్కి వెళ్ళిన చోటు రెండుసార్లు చదివాను. కానీ "తర్వాత తింటాను" అన్న మాటకి ఇంకో అర్థం ఉండొచ్చని ఒక్కసారి చూడాలనిపించింది. ఆదివారం చర్చి నుంచి రాగానే పైకెళ్ళి "ఆంటీ, ఓవెన్ వాడుకోవచ్చా?" అని అడిగాను. "వాడుకో అమ్మా" అన్నారు. అంకుల్ స్కార్‌బరోలో ఎవరింటికో పూజకి వెళ్ళారు. ఆంటీ ఎవరింటికీ వెళ్ళరు. హాల్లో నా వైపు వీపు పెట్టుకుని కందిపప్పు ఏరుకుంటున్నారు.

ఓవెన్ ఆన్ చేసి, అది వేడెక్కేలోపు తురుము తెచ్చుకుందామని కిందికి దిగాను. అత్తయ్యా, ఇక్కడ మనవాళ్ళ ఇళ్ళల్లో ఓవెన్ అంటే బీరువా. వాడరు, అందులో సామాన్లు దాస్తారు. ఆ సంగతి అందరికీ తెలుసు, నాకు తెలియదు. నేను తలుపు తీసి చూడలేదు. లోపల మూకుళ్ళు, ఇడ్లీ రేకులు, ప్లాస్టిక్ డబ్బాలు, వాటి పక్కన ఆంటీకి వాళ్ళమ్మగారు ఇచ్చిన చెక్క పోపులపెట్టె ఉన్నాయి.

కింద ఉన్న నాకు కాలిన కంపు వచ్చింది. పరుగెత్తి పైకి వస్తే వంటిల్లు కనపడటం లేదు. పోపు వేసినప్పుడల్లా మోగుతోందని పొగ అలారానికి హోటల్ నుంచి తెచ్చిన స్నానాల టోపీ తొడిగి ఉంచారు, అది మోగలేదు. నేను దగ్గుతూ ఓవెన్ ఆపి, తలుపులన్నీ తీశాను. ఆంటీ ఇంకా అలాగే కూర్చుని పప్పు ఏరుతున్నారు. నేను అరిచాకే తిరిగి చూశారు. పొగ చూసి ముఖం తెల్లగా అయిపోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. నా వైపు చూడను కూడా చూడలేదు. లేచి గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు.

పోపులపెట్టె ఒక వైపంతా మాడింది, దాని మీద ప్లాస్టిక్ కరిగి అంటుకుంది. దాన్ని గీకుతూ ఏడ్చాను. అంకుల్ వచ్చి "దెబ్బలేం తగల్లేదు కదా? చాలు" అన్నారు. ఆంటీ మాత్రం నిన్న, ఈ రోజు నాకు ఎదురుపడటం లేదు. నేను వంటింట్లోకి వెళ్తే ఆవిడ లోపలికి వెళ్ళిపోతున్నారు. సారీ చెప్పడానికి కూడా అవకాశం ఇవ్వడం లేదు.

మీరన్నదే నిజమేమో. గది ఖాళీ చేయమంటారేమో. మిడ్‌టర్మ్స్ మొదలయ్యాయి. ఇప్పుడు మళ్ళీ పెట్టెలు పట్టుకుని ఎక్కడికి వెళ్ళను?

మీ,
ఫెయిత్.


నర్సాపురం,
28 అక్టోబర్ 2022.

ఫెయితూ,

ఈ పిల్లకి మేనత్త ఉందని ఆ ఇంటివాళ్ళకి తెలియాలి.

పొరపాటున పొగ వస్తే పిల్లని పలకరించకుండా తలుపేసుకుంటుందా? మాడింది చెక్కపెట్టె. మనిషి మాడలేదు కదా! నేను ఆసుపత్రిలో ఎంతమంది కాలిన పిల్లల్ని చూశాను, ముందు "నొప్పిగా ఉందా" అని అడగాలని ఎవరైనా నేర్పాలా? ఆ అంకుల్ నయం. ఆవిడ మాత్రం, నేను చెప్పలేదూ, సమయం కోసం చూస్తోందని!

ఈ ఉత్తరం ఎప్పుడు అందినా సరే, నువ్వు పెట్టె సర్దుకో. మన పాస్టరమ్మ తమ్ముడు యెహెజ్కేలు స్కార్‌బరోలో ఉంటాడు, వృద్ధుల ఆశ్రమంలో ఉద్యోగం. పాస్టరమ్మ చేత ఫోన్ చేయించాను. వచ్చే శనివారం వ్యానులో వచ్చి నిన్ను తీసుకెళ్తాడు. వాళ్ళింట్లో ఒక మంచం ఖాళీ ఉందట. నీకు ముందుగా చెప్పించలేదు. చెప్తే "వద్దులే అత్తయ్యా, పాపం ఆంటీ" అంటావు. నీ సంగతి నాకు తెలియదా?

వెళ్ళేటప్పుడు ఆవిడకి థాంక్స్ చెప్పి వెళ్ళు. మనం మర్యాద తప్పొద్దు.

అత్తయ్య.


ఒషావా,
6 నవంబర్ 2022.

అత్తయ్యా,

మీరు చేసిన పనికి మిమ్మల్ని తిట్టాలో, మీ కాళ్ళకి దండం పెట్టాలో తెలియడం లేదు. రెండూ చేస్తాను. ముందు తిడతాను.

నిన్న ఉదయం తలుపు కొట్టిన చప్పుడైంది. ఆంటీయే తీశారు. గుమ్మంలో ఎర్ర టోపీ పెట్టుకుని ఒకాయన. "జ్ఞానవతమ్మగారి మేనకోడలు పిల్ల ఇక్కడే కదండీ ఉంటుంది? సామాన్లు సర్దేసిందా అండీ?" నేను మెట్లెక్కి వచ్చేసరికి ఆంటీ గోడ పట్టుకుని నిలబడి ఉన్నారు. "వెళ్ళిపోతున్నావా అమ్మా?" అన్నారు. ఇన్ని రోజుల తర్వాత నాతో మొదటి మాట. వచ్చినాయన ఎవరో, ఎందుకొచ్చారో నాకే తెలియదు. యెహెజ్కేలు అంకుల్ పాపం ఉన్నదున్నట్టు చెప్పేశారు. "మీరు కోపంగా ఉన్నారని, పిల్ల భయపడుతోందని, నర్సాపురం నుంచి ఫోనొచ్చిందండీ."

అప్పుడు ఆంటీ అక్కడే, మెట్ల మీదే కూర్చుండిపోయారు. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. "కోపమా? నీ మీదా? నాకు నిన్ను చూసే ముఖం లేక తప్పుకుని తిరుగుతున్నానే" అన్నారు.

అత్తయ్యా, ఆంటీకి వాసన తెలియదు. కిందటేడు ఎండాకాలం ముందు కోవిడ్ వచ్చింది. జ్వరం తగ్గింది గానీ వాసన పోయింది. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడట డాక్టర్. తిండి నోట్లో పెట్టుకుంటే ఉప్పు, తీపి, పులుపు తెలుస్తాయట, అంతే. ఏ కూర తిన్నా ఒకటే. ఒకప్పుడు ఇక్కడ తెలుగువాళ్ళ పండుగలన్నిటికీ ఈవిడ పులుసూ పప్పే కావాలనేవారట. ఇప్పుడు ఎవరైనా పిలిస్తే ఒంట్లో బాగాలేదంటారు. అంకుల్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదు. తాలింపు మాడిందో వేగిందో తెలియని మనిషికి పోపులపెట్టె ఎందుకని, కనపడకుండా ఓవెన్‌లో పెట్టేశారట.

నా పాయసం సంగతి నేను అడగలేదు. ఆవిడే చెప్పారు. "నువ్వు ఎంత ప్రేమగా తెచ్చావో ముఖం చూస్తే తెలుస్తోంది. తిని 'చాలా బాగుంది' అని అబద్ధం చెప్పలేక, ఏం తెలియలేదని నిజం చెప్పలేక దాచాను. ఫ్రిజ్ తీసినప్పుడల్లా ఆ గిన్నెని చూసి ఏడుపొచ్చేది." ఇక ఆ పొగ రోజు. "ఇల్లు అంటుకున్నా నాకు తెలియదని ఆ రోజు అర్థమైంది. కింద నువ్వున్నావు. నీకేదైనా అయితే మీవాళ్ళకి ఏం చెప్పేదాన్ని? నీ మీద కోపం కాదు తల్లీ, నా మీద నాకే భయం" అన్నారు. నేను ఆవిడ పక్కనే మెట్టు మీద కూర్చుని ఏడ్చాను. యెహెజ్కేలు అంకుల్ టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డారు.

నాకు ఒక అనుమానం వచ్చింది. "మరి ఆ రోజు మెత్తళ్ళు వేయించినప్పుడు..." అన్నాను. "ఏం మెత్తళ్ళు?" అన్నారు ఆంటీ. అంత మంచితనమని నేను రాసిందంతా ఇదా అని ఒక్క క్షణం దిగులేసింది. అప్పుడు వెనకనుంచి కోదండరామ్ అంకుల్ గొంతు సవరించుకుని, "నాకు వచ్చిందమ్మా వాసన. బాగా వచ్చింది" అన్నారు.

ఆ రోజు పైన ఇంట్లోంచే పని చేస్తున్నారట, కిటికీ తెరిచింది ఆయనే. ఆంటీకి కూడా చెప్పలేదు. "డాలస్‌లో కొత్తగా దిగినప్పుడు నేను ఇంగువ పోపు పెడితే అపార్ట్‌మెంట్ ఆఫీసు నుంచి మనిషొచ్చి తలుపు కొట్టాడు. ఆ రాత్రి నేను పెరుగన్నం తిని పడుకున్నాను. ఇంకా గుర్తుంది. పిల్ల ఇంటి మీద బెంగతో వండుకుంటోంది, నేనెందుకు తలుపు కొట్టాలి? కిటికీ తీస్తే సరిపోదూ?" అన్నారు. ముక్కు లేని మనిషి ఓర్చుకోవడంలో ఏముంది అత్తయ్యా, ముక్కున్న మనిషి ఓర్చుకున్నారు. నేను ఎవరికి కృతజ్ఞత చెప్పాలో రెండు నెలలు నాకు సగమే తెలుసు.

ఇక పెట్టెలు సర్దలేదు. ఆపిల్స్ తురిమాం. గరాజ్‌లో చలికి అవి చెక్కుచెదరలేదు. ఓవెన్‌ని మాత్రం తలుపు తీసి, లోపల చెయ్యి పెట్టి మరీ చూసుకున్నాం. యెహెజ్కేలు అంకుల్ తురుముతుంటే నేను పిండి కలిపాను. శొంఠి చిటికెడు చాలని నేనంటే "చిటికెడేంటమ్మా, మా అమ్మయితే గుప్పెడు వేసేది" అని ఆయన డబ్బా వంచేశారు. సగం తీసేలోపే కలిసిపోయింది.

ఆంటీ ఓవెన్ ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. "ఇప్పుడేం వస్తోంది?" అని అడగడం మొదలుపెట్టారు. నేను ఒక్కొక్కటే చెప్పాను. ముందు వెచ్చటి పిండి. తర్వాత ఆపిల్, జామకాయలు మగ్గబెట్టిన గదిలోకి వెళ్ళినట్టు. తర్వాత దాల్చినచెక్క. "మా అత్తయ్య క్రిస్మస్ ముందు రోజు వంటింట్లోంచి బయటికొస్తే ఆవిడ చీరకి ఉండే వాసన ఆంటీ" అన్నాను. "ఈయన్ని పంపించిన అత్తయ్యేనా?" "ఆవిడే." "అయితే గట్టి వాసనే" అన్నారు. అప్పుడు నవ్వారు, మొదటిసారి గట్టిగా.

ముక్క కోసి ఆవిడ చేతిలో పెట్టాను. ఈసారి "తర్వాత" అనలేదు. అందరం ఆవిడ నోటినే చూస్తున్నాం. నమిలి, తల అడ్డంగా ఊపారు. "తీపి తెలుస్తోంది. ఇంకేం లేదమ్మా." అని మింగబోతూ ఆగారు. "ఆగండి. గొంతులో ఏదో... వెచ్చగా. మండుతోంది. ఏం వేశావే?" శొంఠి! ఘాటు అనేది వాసనతో కాకుండా వేరే దారిలో తెలుస్తుందట, అంకుల్ ఫోన్‌లో చూసి చెప్పారు. ఆంటీ రెండో ముక్క తిన్నారు. మూడోది అడిగి తీసుకున్నారు. చేత్తో గొంతు పట్టుకుని, ఇక్కడ తెలుస్తోంది, ఇక్కడ, అని అంకుల్‌కి చూపించారు.

ఇక తిట్టడం అయిపోయింది. మీరు ఆయన్ని పంపకపోతే నేనూ ఆంటీ ఆ ఇంట్లో ఒకరినొకరు తప్పించుకుంటూ చలికాలమంతా గడిపేసేవాళ్ళం. మీ కాళ్ళకి దండం.

మీ,
ఫెయిత్.


నర్సాపురం,
24 నవంబర్ 2022.

నా ఫెయితూ,

నీ ఉత్తరం చదివి, కళ్ళద్దాలు తుడుచుకుని, మళ్ళీ చదివాను. అక్టోబరులో నేను రాసిన చెత్త ఉత్తరం ఈపాటికి వచ్చి ఉంటుంది. చించి పొయ్యిలో వెయ్యి. పొయ్యిలో ఏం ఉందో చూసుకుని వెయ్యి.

డాక్టరుగారి భార్య సంగతి నిజం. అది నేను కలగనలేదు, అలాంటివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కానీ ఆవిడ మీద కోపాన్ని ఇన్నేళ్ళు మోసి, సముద్రాలు దాటించి, ముఖం కూడా చూడని ఈ తల్లి నెత్తిన దించాను. నాకు సిగ్గుగా ఉంది. ఈ మాట ఆవిడకి చదివి వినిపించు.

ఆవిడ ఎందుకు దాచిందో నీకు పూర్తిగా తెలియదు. నాకు తెలుసు. నా చెవులు పోవడం మొదలైనప్పుడు నేనూ దాచాను. గుళ్ళో అందరూ నవ్వితే నేనూ నవ్వేదాన్ని. పాట ఎక్కడిదాకా వచ్చిందో పక్కావిడ పెదాలు చూసి పాడేదాన్ని. ఒకసారి అందరూ ఆపేశాక కూడా నేను పాడుతూనే ఉన్నాను. ఆ ఆదివారం నుంచి వెనక బెంచీలోకి మారాను. పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేశాను. అందుకని ఆవిడకి చెప్పు: ఎవరింటికీ వెళ్ళకుండా కూర్చోవద్దని. నేను కూర్చుని చూశాను, ఏమీ బాగుండదు. మొన్న ఆదివారం నేను మళ్ళీ ముందు బెంచీకి వెళ్ళాను. పాట తప్పితే పాస్టరమ్మ మోచేత్తో పొడిచింది.

నీ కేకు నేనూ చేశాను. మన దగ్గర ఓవెన్ ఎక్కడిది, పాత కుక్కర్లో ఇసుక పోసి, గాస్కెట్ తీసి, దాంట్లో గిన్నె పెట్టాను. ఆపిల్స్ పిండి పిండిగా ఉన్నాయి, మీ పెరటి కాయల రుచి రాదు. అడుగు కొంచెం మాడింది. సండే స్కూలు పిల్లలు మాత్రం గిన్నె గీక్కుని తిన్నారు.

పార్సిల్ పంపుతున్నాను. అందులో నేనే దంచి జల్లించిన శొంఠి ఉంది. అది ఆవిడకి. కొట్లో పొడి కన్నా మూడింతలు ఘాటు. మెత్తళ్ళు నీకు. గట్టిగా మూడు కవర్లలో కట్టాను. మీ అంకుల్‌కి ఏం పంపాలో తోచలేదు. ఆ కిటికీ తీసిన చేతికి నేను ఏం పంపితే సరిపోతుంది? ఆయన పేరు నా ప్రార్థనలో కలిపాను, పలకడం కొంచెం కష్టంగా ఉంది, ప్రభువే సర్దుకుంటాడు.

వాసన ఆవిడకి నువ్వు చెప్పావు కదా. నాకు ఆ ఇంట్లో మాటలు రాసి పంపు. ఎవరు ఏమన్నారు, ఎవరు ఎలా నవ్వారు, అన్నీ. చెవులు లేనిదాన్ని, నేను ఇలాగే వినాలి.

నూనె రాసుకున్నాను. నిజంగానే.

అత్తయ్య.


ఒషావా,
26 డిసెంబర్ 2022.

అత్తయ్యా,

మాటలన్నీ రాయమన్నారు కదా, రాస్తున్నాను.

మీ అక్టోబరు ఉత్తరం చించలేదు. ఆంటీ చదివి వినిపించమన్నారు, వినిపించాను. "సమయం కోసం చూస్తోంది" అన్న చోట పొట్ట పట్టుకుని నవ్వారు. "మనకోసం ఎవరైనా ఇలా పోట్లాడితే ఎంత బాగుంటుంది" అన్నారు. నవంబరు ఉత్తరం చదివినప్పుడు మాత్రం నవ్వలేదు. మీరు ముందు బెంచీకి మారిన చోట నా చేతిలోంచి కాగితం తీసుకుని తనే మళ్ళీ చదువుకున్నారు. ఆ శనివారం స్కార్‌బరోలో ఎవరింటికో భోజనానికి పిలిస్తే వెళ్ళారు. "నాకు వాసన తెలియదు, ఉప్పు తక్కువైతే చెప్పండి" అని అక్కడ నలుగురి ముందు చెప్పేశారట.

అలారానికి టోపీ తీసేశాం. ఓవెన్‌లో ఇప్పుడు ఏమీ లేదు. పోపులపెట్టె ఒక పక్క నల్లగానే ఉంది, అలాగే పొయ్యి పక్కన పెట్టుకున్నారు. దానిలో మధ్య గిన్నెలో మీ శొంఠి. నిన్న పొద్దున ఆపిల్ కేకు మళ్ళీ చేశాం, ఈసారి ఆంటీయే పిండి కలిపారు. పండుగకి వచ్చిన యెహెజ్కేలు అంకుల్‌కి మీ శొంఠి ఘాటుకి కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఆంటీ మాత్రం "ఇదీ కేకంటే" అన్నారు.

మెత్తళ్ళు నేను దాచేశాను. బయట గడ్డకట్టే చలి. ఈ చలిలో కిటికీలు తెరవలేరు కదా, వేసవిలో చూద్దామనుకున్నాను. నిన్న చర్చి నుంచి వచ్చాక కింద కూర్చుని ఉంటే మెట్ల మీద అడుగుల చప్పుడు. కోదండరామ్ అంకుల్. లావు కోటు, మంకీ క్యాప్, చేతులకి గ్లోవ్స్. "బయటికి వెళ్తున్నారా అంకుల్?" అన్నాను. "లేదమ్మా. పండుగ పూట మీ అత్తయ్య పంపినవి వేయించుకోకపోతే ఎలా? నువ్వు మొదలుపెట్టు, నేను కిటికీ దగ్గర నిలబడతా" అన్నారు.

నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. వద్దన్నా వినలేదు. మూకుడు పెట్టాను, నూనె పోశాను, మెత్తళ్ళు వేశాను. పైన కిటికీ రెక్క కిర్రుమంది. ఆంటీ మెట్ల పైచివర నిలబడి ఎప్పటిలాగే అడిగారు: "ఏం వాసనో చెప్పు."

"మీకెందుకు ఆంటీ ఇది, బాగుండదు."

"చెప్పవే."

"మా నర్సాపురం రేవు వాసన ఆంటీ. ఎండ, ఉప్పు. మా అత్తయ్య మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని..."

"ఛీ!" అన్నారు ఆంటీ.

అత్తయ్యా, నా చేతిలో గరిటె ఆగిపోయింది. మీరు చెప్పిన ఆ మాటే. నేను తలెత్తి చూడలేకపోయాను.

"ఛీ, ఏం కంపే ఇది! ఏమండీ! కంపు! నాకు కంపు కొడుతోందండీ!"

చూస్తే ఆంటీ రెండు చేతులతో ముక్కు తడుముకుంటున్నారు. కళ్ళలోంచి ధారలు. మెట్లు దిగి వచ్చి మూకుడు మీదికి వంగారు. పుట్టి బుద్ధెరిగాక చేప ముట్టని మనిషి. గుండెల నిండా పీల్చి, "అబ్బా, ఎంత కంపో!" అని నన్ను గట్టిగా పట్టుకున్నారు. ఆ వాసన అరనిమిషం తెలిసి, మాయమైంది. కాసేపటికి మళ్ళీ లీలగా వచ్చింది. కేకు తెచ్చి ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏమీ రాలేదు. "ఇదీ వస్తుందిలే, వరసలో ఉంది" అన్నారు.

మెట్లకి ఎదురుగా, పైన కిటికీ దగ్గర అంకుల్ కోటుతో అలాగే నిలబడిపోయారు, చేతిలో కిటికీ రెక్క, వెనక మంచు పడుతోంది.

"మూయండి" అని అరిచారు ఆంటీ కింద నుంచి. "ఆ కిటికీ మూయండీ, వాసన పోతుంది!"

మెత్తళ్ళు అయిపోవచ్చాయి అత్తయ్యా. ఇంకొంచెం ఎక్కువ పంపండి.

మీ,
ఫెయిత్.